రోగం నాది, నాకే చివర తెలిసింది

2014 జులైలో మెడకి ఎడమవైపు, భుజం ఎముకకి కొంచెం పైన బిళ్ళ కట్టింది. నొప్పి లేదు. అప్పుడు నాకు 16, ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి దగ్గరి డాక్టర్ చూసి, జలుబు చేసినప్పుడు అట్లా కడతాయిలే అని యాంటీబయాటిక్ రాశాడు. తగ్గలేదు. ఆ తర్వాత సాయంత్రం అయితే జ్వరం, రాత్రిళ్ళు బనియన్ పిండితే నీళ్ళు కారేంత చెమట, ఒళ్ళంతా దురద. రెండు నెలల్లో 54 కిలోల వాణ్ణి 47కి వచ్చాను. ఇంకో చోటికి పోతే గడ్డలో సన్న సూది పెట్టి లాగి చూసి, తేలకపోయినా టీబీ మందులు మొదలుపెట్టారు. మన దేశంలో టీబీ అంత ఎక్కువ కాబట్టి మెడలో బిళ్ళ, జ్వరం, చెమట అంటే ముందు దాన్నే అనుకుంటారు, అందులో మరీ తప్పు పట్టను. కానీ ఆరు వారాలు ఆ మాత్రలు మింగి, మూత్రం నారింజ రంగులో పోస్తూ, గడ్డ పక్కన ఇంకో రెండు తేలేదాకా ముక్క కోసి పరీక్షకి పంపుదామని ఎవరికీ తోచలేదు చూడండి, అది మాత్రం ఇప్పటికీ బాధే. ఎవరైనా ఇది చదివేవాళ్ళ ఇంట్లో మందులు వాడినా తగ్గని బిళ్ళ ఉంటే బయాప్సీ చేయమని అడగండి, మొహమాటపడకండి.

బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజు అమ్మానాయన్ని లోపలికి పిలిచారు. నన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. అరగంట తర్వాత నాయన బయటికొచ్చి, "టీబీనే నాయనా, రవ్వంత ముదిరిండాది. సెలైన్లో ఎక్కించే మందు ఇస్తారంట" అన్నాడు. అమ్మ నా వైపు చూడలేదు.

అక్టోబర్ మధ్యలో మొదటి డోసు. నర్సు లావు సిరంజిలో ఎర్రటి మందు పట్టుకొచ్చి మెల్లగా ఎక్కించింది. ఇంకో మందు సీసాకి నల్ల కాగితం చుట్టారు, వెలుతురు తగలకూడదంట, అది ఎక్కుతుంటే చెయ్యంతా మంట. టీబీకి ఇన్ని తతంగాలు ఉంటాయా అని అప్పుడే అనుమానం వచ్చింది. మంచం కాళ్ళ దగ్గర ఫైలు తగిలించి ఉంటే తీసి చదివాను. హాడ్జికిన్ లింఫోమా, స్టేజ్ 2బి. ఇంటికొచ్చాక స్నేహితుడి ఫోన్లో వెతికాను. లింఫు గ్రంథులకి వచ్చే క్యాన్సర్.

ఆ తర్వాత దాదాపు నెల రోజులు నాకు తెలుసని వాళ్ళకి తెలియదు, వాళ్ళు దాస్తున్నారని నాకు తెలుసు. అమ్మ రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పెట్టి, "తింటే టీబీ తొందరగా పోతాది" అంటుంది, నేను సరే అంటాను. నా జీవితంలో అంత ఒంటరిగా ఎప్పుడూ లేను, ఇంట్లో నలుగురు ఉండి కూడా. రాత్రి పూట నేను చచ్చిపోతే తమ్ముడికి నా సైకిల్ ఇస్తారా అమ్మేస్తారా అని ఆలోచించేవాణ్ణి. అడగడానికి మనిషి లేడు. అసలు విషయం ఏమిటంటే క్యాన్సర్లలో బాగా లొంగేవాటిలో ఇది ఒకటి. థామస్ హాడ్జికిన్ అనే ఇంగ్లాండ్ డాక్టర్ 1832లో దీన్ని మొదట వర్ణించినప్పుడు మందే లేదు, ఇప్పుడు నాలాగా మధ్యదశలోనే దొరికిన వాళ్ళలో ఎక్కువమందికి పూర్తిగా నయమవుతుంది. ఆ మాట నాకు ఎవరైనా చెప్పి ఉంటే? దాచినవాళ్ళు చెడ్డ కబురు దాచామనుకున్నారు, మంచి కబురు కూడా దాంతోపాటే దాచేశారు.

జుట్టు మూడో డోసుకల్లా రాలిపోయింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. వేరే ఊళ్ళో అయితే గుండుతో ఉన్న పిల్లవాణ్ణి అందరూ చూస్తారేమో, తిరుపతిలో ఎవరూ చూడరు. బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన "కొండకి పొయ్యొచ్చినావా నాయనా, దర్శనం బాగా అయిందా" అని అడిగాడు. అయింది తాతా అన్నాను. అమ్మ మాత్రం ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చింది, ఎందుకంటే నాకు నయమైతే తలనీలాలు ఇస్తానని స్వామికి మొక్కుకుందంట, ఇవ్వడానికి జుట్టు లేకుండా పోయిందని. ఆ ఏడుపులోనే "క్యాన్సరని నీకు చెప్పలేదురా" అని బయటపడింది. నాకు తెలుసమ్మా అన్నాను. అప్పటి నుంచి ఇంట్లో గాలి ఆడింది.

నిజం బయటపడినా నిర్ణయాలు మాత్రం నా తల మీదుగానే జరిగేవి. రెండు వారాలకి ఒక డోసు, మొత్తం 12. ఎక్కించే ముందు కాగితాల మీద సంతకం నాయనది. ఎర్రమందు గుండెకి, ఇంకో మందు ఊపిరితిత్తులకి చెరుపు చేయొచ్చని డాక్టర్ నాయనకే చెప్పేవాడు, నేను పక్క కుర్చీలో ఉండగానే, "పిల్లవాడికి ఆయాసం వస్తే చెప్పండి" అని. ఆయాసం వచ్చేది నాకు కదా.

ఏడో డోసు తర్వాత నా వల్ల కాలేదు. వాంతులు మందు ఎక్కాక కాదు, ఆసుపత్రి గేటు కనబడగానే మొదలయ్యేవి, ఆటోలో స్పిరిట్ వాసన తలుచుకుంటేనే కడుపు తిప్పేది. రోజ్ మిల్క్ అంటే ప్రాణం నాకు, ఆ రంగు చూస్తే ఎర్రమందు గుర్తొచ్చి కక్కేవాణ్ణి. ఎడమ చేతి నరం తాడులాగా గట్టిపడింది. 2015 సంక్రాంతికి పాకాల దగ్గర అవ్వ వాళ్ళ ఊరికి పోయాం, పండగ అయ్యాక తిరుపతి బస్సు ఎక్కే వేళకి నేను రానన్నాను. ఇంక సూది పొడిపించుకోను, చస్తే ఇక్కడే చస్తాను అన్నాను. నిజంగానే అన్నాను, బెదిరించడానికి కాదు.

నాయన అరిచాడు, తర్వాత బతిమాలాడు. మామ నన్ను ఎత్తుకుని బస్సులో వెయ్యబోయాడు. అవ్వ అడ్డం వచ్చి, "ఆ పిలకాయను అడిగినారా ఎవురన్నా, ఏమి నొస్తా ఉండాదో" అంది. వాళ్ళు నిజంగానే అడగలేదు. నాయన దిక్కుతోచక, వార్డులో ఉండే ఒక చిన్న డాక్టరమ్మకి ఫోన్ చేశాడు, చదువుకుంటూ పనిచేసే ఆమె. ఫోన్ నాకివ్వమంది. ఆమె నన్ను తిట్టలేదు, ధైర్యం చెప్పలేదు. నాలుగు డోసుల తర్వాత చెన్నైలో తీసిన పెట్ స్కాన్‌లో గడ్డలు వెలగడం ఆగిపోయిందని చెప్పింది, క్యాన్సర్ చురుగ్గా ఉన్నచోటే ఆ స్కాన్లో వెలుగుతుందంట, అది చాలా మంచి గుర్తని, అయినా ఇప్పుడే ఆపేస్తే తిరగబెట్టే ప్రమాదం బాగా ఉందని, తిరగబెడితే ఇంతకన్నా గట్టి మందులు, ఆ పైన మూలకణాల మార్పిడి దాకా పోవాల్సి రావచ్చని. స్కాన్ మంచిగా వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది! ఇంట్లో "బాగానే ఉండాది" అన్నారంతే, ఆ మాట నేను ఎప్పుడో నమ్మడం మానేశాను. ఆ తర్వాత ఆమె అడిగింది, "అన్నిటికన్నా నీకు కష్టమైంది ఏది? ఒకటి రెండు చెప్పు, మార్చడానికి చూస్తాను."

వాసన అన్నాను. ఎడమ చెయ్యి అన్నాను. ప్రాక్టికల్స్ ఫిబ్రవరిలో ఉన్నాయి, డోసు మర్నాడు నిలబడలేను అన్నాను. ఆమె ముందు రోజు రాత్రి వేసుకోవడానికి మాత్ర రాయించింది, వాంతుల మందు మార్పించింది, సూది కుడి చేతికి, మంచం కిటికీ పక్కన, ప్రాక్టికల్స్ వారంలో డోసు రెండు రోజులు జరిపారు. అంతే. ఎనిమిదో డోసుకి నేనే నడిచి పోయాను. మార్చిలో 12 అయ్యాయి.

చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, సరిగ్గా ఆ జనవరిలోనే అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలో, ఇదే రోగమున్న 17 ఏళ్ళ అమ్మాయి కీమో వద్దంటే, వాళ్ళమ్మ కూడా కూతురి పక్షమే ఉన్నా, ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒప్పుకోలేదని. కొన్ని నెలల్లో 18 నిండే పిల్లకి కోర్టు ఆదేశంతో ఆసుపత్రిలో పెట్టి మందు ఎక్కించారు. అంతకుముందు 2006లో వర్జీనియాలో 16 ఏళ్ళ అబ్బాయి ఇట్లాగే వద్దంటే పెద్ద గొడవై, 2007లో అక్కడ చట్టమే మార్చారు, 14 దాటి ఆలోచన ఉన్న పిల్లలు, తల్లిదండ్రులు కలిసి వద్దనుకుంటే దాన్ని నిర్లక్ష్యం కింద లెక్కించకూడదని. నేను ఇవన్నీ చదివిన రోజు నిద్రపోలేదు. ఆ అమ్మాయి కోపం నాకు తెలుసు, ఒంటి మీద తెలుసు. అయినా నిజాయితీగా చెప్పాలంటే, ఆ రోజు పాకాల బస్టాండులో నా మాట చెల్లి ఉంటే ఇది రాయడానికి ఉండేవాణ్ణో లేదో. నయమయ్యే రోగానికి వద్దు అనే హక్కు 16 ఏళ్ళ వాడి ఒక్కడి చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేదు. అట్లాగని మామ ఎత్తుకుపోయి బస్సులో వేసి ఉంటే మిగతా ఐదు డోసులు పూర్తయ్యేవని కూడా నేను నమ్మను, తర్వాత డోసుకి ఇంకెక్కడికో పారిపోయేవాణ్ణి.

కానీ వార్డులో ఒక అక్క ఉండేది, 17 ఏళ్ళు, మదనపల్లె వైపు పల్లె. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, రెండోసారి తిరగబెట్టింది. ఆమె కూడా వద్దనేది. "ఇంటికి పోతా, మా బర్రె ఈనింటాది, దూడను చూడాల" అనేది ఎప్పుడూ. డాక్టర్లు కూడా ఇంక పెద్దగా ఆశ లేదనే చెప్పారని వాళ్ళమ్మ మా అమ్మతో అంది. అయినా ఇంకొక్కసారి చూద్దామని ఇంకో కోర్సు ఎక్కించారు. ఆమె ఆ వార్డులోనే పోయింది, దూడని చూడకుండా. నా వద్దుకీ ఆమె వద్దుకీ ఒకటే మాట, కానీ రెండూ ఒకటి కాదు. నాది వాంతులు భరించలేక అన్నది, అవతల బతుకు ఉందని తెలియక అన్నది. ఆమెకి అన్నీ తెలుసు, నాకన్నా బాగా తెలుసు, రెండుసార్లు అనుభవించింది. ఆమె మాట వినాల్సింది. వయసు లెక్కలో చూస్తే మా ఇద్దరికీ ఒక్క ఏడాదే తేడా.

మన చట్టంలో 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 నిండితేనే పెద్దవాళ్ళం. ఇంకోపక్క పాత ఐపీసీలో 12 ఏళ్ళ లోపు పిల్లల సమ్మతి చెల్లదనీ, వాళ్ళ బదులు సంరక్షకులు ఒప్పుకోవచ్చనీ ఉంది, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ 12 అట్లాగే ఉంది. ఆ మధ్యలోవాళ్ళం ఎటు? ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 నియమాల్లో చూస్తే, కొత్త మందుల పరిశోధనలో చేర్చుకోవాలంటే 7 నుంచి 12 ఏళ్ళ పిల్లల దగ్గర నోటిమాటగా, 12 నుంచి 18 వాళ్ళ దగ్గర రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోవాలి, తల్లిదండ్రుల సంతకం ఉన్నా సరే. పరిశోధనలో అయితే నన్ను అడిగేవాళ్ళు. మామూలు వైద్యం కాబట్టి నన్ను ఎవరూ అడగలేదు. ఈ తేడా నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంకొకటి, రాయడానికి కొంచెం కష్టమైనది. 25 ఏళ్ళప్పుడు ఇంట్లో పెళ్ళి మాటలు మొదలయ్యాయి. పాత ఫైలు తిరగేస్తుంటే మొదటి డోసు ముందు రోజు రాసిన ఒక లైను కనబడింది. మందుల వల్ల ముందుముందు పిల్లలు పుట్టడానికి ఇబ్బంది రావచ్చు, వీర్యం భద్రపరచుకోవచ్చు అని తండ్రికి చెప్పాము, తండ్రి వద్దన్నారు. నాయన్ని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఆ వయసు పిలకాయతో ఆ మాటలు ఎట్లా మాట్లాడాల, నోరు రాలేదురా. నువ్వు బతికితే చాలనుకున్న్యా" అన్నాడు. ఆయన మీద కోపం రాలేదు, అక్కడికి పోయి చూస్తే నేనూ అదే అనేవాణ్ణేమో. నాకిచ్చిన మందులతో ఆ ప్రమాదం పాత కాలం మందుల కన్నా తక్కువని తర్వాత తెలిసింది, పరీక్ష చేయించుకుంటే రిపోర్టు బాగానే వచ్చింది. అయినా ఆ ఒక్క విషయం నాది. ప్రాణానికి సంబంధించింది కాదు, నేను అవునన్నా కాదన్నా రోగం నయం కావడానికి అడ్డం లేదు, 16 ఏళ్ళవాడు పూర్తిగా అర్థం చేసుకోగలిగింది. దాన్ని కూడా నాకు తెలియకుండా కాగితం మీద కొట్టేశారు.

పోయిన నెల చిత్తూరు నుంచి మా దూరపు చుట్టం ఫోన్ చేశాడు. వాళ్ళవాడికి 15, తొడ ఎముకలో గడ్డ, కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ అంటున్నారంట. "నువ్వు పడినోడివి కదప్పా, వానికి చెప్పాల్నా వద్దా? తట్టుకుంటాడా?" అని అడిగాడు. నేను ఏమీ చెప్పలేదు, వాడు పక్కనున్నాడా అంటే ఉన్నాడన్నాడు, ఫోన్ ఇవ్వమన్నాను. వాడికి అప్పటికే తెలుసు. వాళ్ళు తెలియదనుకుంటున్నారు.

"అన్నా, జుట్టు పోతాదా?" అన్నాడు మొదట.

పోతాదన్నాను. నాకూ పోయింది, మళ్ళీ వచ్చింది, అమ్మ మొక్కు కూడా తీరింది, ఏడాది తర్వాత కొండ మీద ఇచ్చి వచ్చాను అన్నాను. వాడు కాసేపు ఊరుకుని, "కాలు తీసేస్తారా? నేను వద్దంటే ఏమవుతాది?" అన్నాడు, గొంతు తగ్గించి.

దానికి జవాబు నాకు తెలియదని, అది డాక్టర్‌ని అడగాల్సిందని, అడిగేటప్పుడు నువ్వు లోపల ఉండాలి, బయట బెంచీ మీద కాదు అని చెప్పాను. తర్వాత ఫోన్ స్పీకర్లో పెట్టమని, వాళ్ళ నాయన్ని వచ్చి పక్కన కూర్చోమన్నాను.