మరొకరి పేరు కింద

పద్నాలుగు నెలలు నేను మరొకరి పేరు కింద పనిచేశాను. 2012 ఫిబ్రవరిలో అమెరికాలోని కొలంబస్‌లో ఒక బీమా కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగిగా చేరాను. మొదటి రోజు నాకు చూపించిన క్యూబికల్ (పొట్టి పలకల గోడలతో విడదీసిన సీటు) బయట, గుడ్డ తొడిగిన గోడకు సన్నటి అల్యూమినియం పట్టీ తగిలించి ఉంది. అంతకుముందు అక్కడ కూర్చుని పదవీ విరమణ చేసిన ఒక పెద్దావిడ పేరు అందులో దూర్చిన కాగితం మీద ఉంది. "మార్పిస్తాం" అన్నారు. నెల తరువాత అడిగితే, పేరు పట్టీలు పర్మనెంటు ఉద్యోగులకేనని చెప్పారు. మరి ఆ పాత పేరైనా తీసేయమంటే, అది తమ విభాగం పని కాదన్నారు. కొత్తవాళ్లెవరైనా వస్తే ఆ పేరు చదివి, నన్ను చూసి, మళ్లీ పేరు చూసి, తప్పు చోటికి వచ్చామనుకుని వెళ్లిపోయేవారు.

ఇరుకు నాకు కొత్త కాదు. విశాఖపట్నం అల్లిపురంలో రెండు గదుల వాటాలో ఆరుగురం పెరిగాం. నానమ్మకు గుమ్మం పక్కన మూల, ఆ మూలలో ఆవిడ ట్రంకు పెట్టె. ఆ పెట్టె మీద మేమెవరం కూర్చునేవాళ్లం కాదు. నాన్న పోర్టులో ఉద్యోగి. ఆయన రేడియో ఉండే అలమర అర ఆయనది. నాకు కిటికీ గట్టు. జానెడు వెడల్పున్న ఆ గట్టు మీదే పదో తరగతి దాకా చదువుకున్నాను. నేను అక్కడ చదువుతుంటే తమ్ముడు కూడా వేరేచోట కూర్చునేవాడు. ఇల్లు చిన్నదే, కానీ ఎవరి చోటు ఏదో ఇంట్లో అందరికీ తెలుసు. కొలంబస్‌లో నాకిచ్చిన ఆరడుగుల క్యూబికల్, కొలతల్లో చూస్తే, ఆ కిటికీ గట్టు కన్నా ఎన్నో రెట్లు పెద్దది. అయినా అందులో నాకు ఊపిరి ఆడేది కాదు.

కారణం తెలియడానికి కొంతకాలం పట్టింది. ఒకసారి మా మేనేజర్ బల్ల మీద సీటింగ్ చార్టు చూశాను. అంతస్తు మొత్తం గళ్లు గీసి ఉంది. కిటికీల వరుసలో ఎనిమిదడుగుల గళ్లు, వాటిలో పేర్లు. మధ్య వరుసల్లో ఆరడుగుల గళ్లు, వాటిలోనూ పేర్లు. ప్రింటర్ల దగ్గర, లిఫ్టు పక్కన, వంటగదికి ఎదురుగా ఉన్న గళ్లకు పసుపు రంగు వేసి ఉంది. వాటిలో పేర్లు లేవు, అంకెలు మాత్రమే. నా అంకె కూడా అక్కడే ఉంది. సూపర్‌వైజరుకు గోడ ఒక పలక ఎత్తు ఎక్కువ. ఆ పై హోదాకు తలుపున్న గది. ఎవరి మాటకు ఎంత విలువో తెలుసుకోవడానికి అక్కడ ఎవరినీ అడగనక్కర్లేదు, గోడ ఎత్తు చూస్తే చాలు.

ఈ గోడలను తలపెట్టిన మనిషి ఉద్దేశం ఇది కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. రాబర్ట్ ప్రాప్‌స్ట్ అనే ఆయన హర్మన్ మిల్లర్ అనే ఫర్నిచర్ కంపెనీ కోసం ఈ పద్ధతిని రూపొందించాడు. 1968లో మార్కెట్‌లోకి వచ్చిన ఆ నమూనాలో పలకలు 120 డిగ్రీల కోణంలో విచ్చుకుని ఉండేవి. నిలబడి పనిచేయడానికి ఎత్తు బల్ల, కాగితాలు కళ్లెదుట పెట్టుకోవడానికి గోడ, కావాలంటే చాటు, అక్కర్లేకపోతే తెరుచుకునే వీలు. ఎవరి చోటును వాళ్లే మార్చుకోవాలని ఆయన ఆశ. కొన్న కంపెనీలు ఆ కోణాలను 90 డిగ్రీలకు మడిచి, ఎక్కువ మంది పట్టేలా పెట్టెలు చేశాయి. పన్నుల లెక్క కూడా వాటికి కలిసొచ్చింది. అమెరికాలో ఇప్పుడున్న నిబంధనల ప్రకారం ఆఫీసు ఫర్నిచర్ ఖర్చును తరుగుదల కింద 7 ఏళ్లలో రాసుకోవచ్చు. కట్టిన గోడకైతే అంతకన్నా చాలా ఎక్కువ ఏళ్లు పడుతుంది. గది కట్టడం కన్నా పలక నిలబెట్టడం లాభం. తన ఆలోచనకు పట్టిన గతి చూసి ప్రాప్‌స్ట్ చివరి రోజుల్లో బాధపడ్డాడు. ఆయన మీద నాకు కోపం లేదు. మనిషిని పసుపు గడిలో అంకెగా రాసిన చేతి మీదే నా కోపం.

మేమంతా మాకు తోచిన ఉపాయాలు చేసుకున్నాం. వెనక ఎవరు వచ్చి నిలబడ్డారో కనబడేలా కంప్యూటర్ తెరకు చిన్న అద్దం అంటించుకున్నాను. ఏసీ గాలి సరిగ్గా మెడ మీద పడేది, అందుకని అమ్మ ఇచ్చిన పొందూరు ఖద్దరు దుప్పటా కుర్చీకి ఎప్పుడూ వేలాడుతుండేది. వంటగదికి ఎదురు సీటు కాబట్టి ఎవరు ఏమి వేడి చేసుకున్నా వాసన ముందు నాకే. నా డబ్బాలో చింతపండు పులుసు ఉన్న రోజు మాత్రం పన్నెండున్నర దాటి అందరూ తిని వెళ్లాక వేడి చేసుకునేదాన్ని. ఎవరూ ఏమీ అనలేదు. అనకముందే తగ్గి ఉండడం నేర్చుకున్నాను. అది నేర్చుకోవలసిన విద్య కాదని ఇప్పుడు అనుకుంటున్నాను.

2013 ఏప్రిల్‌లో ఒక సాయంత్రం అందరూ వెళ్లాక నా పేరు పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి, కత్తిరించి, ఆ పట్టీలో పెట్టాను. పాత కాగితాన్ని పారేయడానికి చేయి రాలేదు. ముప్పై ఏళ్లు పనిచేసిన ఆవిడ పేరు అది. వెనకవైపే ఉంచేశాను. మరుసటి రోజు ఎవరూ గమనించలేదు. ఆ వారంలోనే ఒక రాత్రి ఆలస్యంగా ఉండిపోయినప్పుడు శుభ్రం చేసే ఆవిడ చెత్తబుట్ట సంచి మారుస్తూ ఆగింది. కొలంబస్‌లో సోమాలియా నుంచి వచ్చి స్థిరపడినవారు చాలామంది, ఆవిడా అక్కడి నుంచి వచ్చినదే. పట్టీ మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని నా పేరు పైకి చదివి, సరిగ్గా పలికానా అని అడిగింది. సరిగ్గానే పలికింది. ఆ ఆఫీసులో నా పేరు పూర్తిగా పలికిన మొదటి మనిషి ఆవిడే.

2014 మేలో పాప పుట్టింది. పురుడుకు వచ్చిన అమ్మ సెప్టెంబరులో తిరిగి వెళ్లింది. నేను మళ్లీ ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాక పాపకు పాలు తీసి దాచడానికి ఒక చోటు కావాలి. బాత్రూము కాని, ఇతరుల కంట పడని చోటును తల్లులకు చూపించాలని 2010లో వచ్చిన అమెరికా చట్టం చెబుతుంది. మొదట్లో అది ప్రధానంగా గంటల లెక్కన జీతం తీసుకునేవారికే. 2022 చివర్లో వచ్చిన మరో చట్టంతో చాలామంది నెల జీతం వారికీ అందింది. మా ఆఫీసులో మూడో అంతస్తులో అటువంటి గది ఉంది. కానీ ఆ అంతస్తులో తలుపున్న ఖాళీ గది అదొక్కటే కావడంతో ఫోను మాట్లాడుకోవలసినవాళ్లందరూ అందులోకే దూరేవారు. బయట పాల సీసాల సంచితో నిలబడి, లోపల ఎవరో తమ ఇంటి అప్పు గురించి బ్యాంకుతో మాట్లాడుతుంటే వింటూ ఎన్నిసార్లు ఎదురుచూశానో. వాళ్లనూ తప్పుపట్టలేను. వాళ్లకూ మరో చోటు లేదు.

ఆ అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. మాకప్పుడు అర్ధరాత్రి దాటింది. పాపను ఒళ్లో పెట్టుకుని టీవీ చూస్తూనే ఉన్నాం. విమానాశ్రయం పైకప్పు లేచిపోయిందన్నారు. అమ్మానాన్నలు గోపాలపట్నంలో, ఆ విమానాశ్రయానికి దగ్గరలోనే ఉంటారు. ఫోన్లు మూగబోయాయి. సోమవారం ఆఫీసుకు వెళ్లి, పది నిమిషాలకొకసారి నంబరు నొక్కుతూ కూర్చున్నాను. మంగళవారమూ అంతే. ఏడుపు వచ్చినప్పుడు ఆ గదికి వెళ్తే తలుపు వేసి ఉంది. మెట్ల మీద కూర్చున్నాను. అక్కడ గొంతు పై అంతస్తు దాకా వినబడుతుంది, అందుకని నోటికి దుప్పటా అడ్డం పెట్టుకున్నాను.

బుధవారం ఉదయం పదకొండుకు తెలియని నంబరు నుంచి ఫోను. నాన్న. ఎవరినో అడిగి తీసుకున్న ఫోను, ఎప్పుడు తెగిపోతుందో తెలియదు. లేచి మెట్ల దాకా వెళ్లేంత వ్యవధి లేదు. ఆయన అరుస్తున్నట్టుగా మాట్లాడుతున్నారు. "ఇల్లు నిలిచిందమ్మా. మామిడిచెట్టు పడిపోయింది. అమ్మ బాగానే ఉంది. కొండల మీద ఆకన్నది లేదు, కాలిపోయినట్టున్నాయి." నేనూ గట్టిగా మాట్లాడక తప్పలేదు, లేకపోతే ఆయనకు వినబడదు. గోడ అవతలివాళ్ల కుర్చీలు కదిలాయి. ఎవరో గొంతు సవరించుకున్నారు.

అప్పుడు పక్క క్యూబికల్‌లోని కుర్రవాడు లేచి వచ్చాడు. అనకాపల్లి అబ్బాయి, వాళ్ల ఇంటి కబురు ఇంకా తెలియలేదు. నా క్యూబికల్‌కు తలుపు లేని చోట, ఇటు వీపు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అక్కా, మీరు మాట్లాడండి. నేను ఇక్కడ ఉంటాను" అన్నాడు, తల తిప్పకుండానే. ఒక మేనేజరు వస్తే చేయెత్తి ఆపి, నెమ్మదిగా ఏదో చెప్పి పంపించాడు. నాలుగు నిమిషాల తరువాత ఫోను తెగిపోయింది. అతని చొక్కా వీపు మీద ఇస్త్రీ మడత ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆ నాలుగు నిమిషాలు నాకు తలుపున్న గది ఉంది. మరుసటి రోజు, సీట్లో సొంత ఫోన్లు మాట్లాడవద్దని అందరికీ కలిపి ఒక ఈమెయిల్ వచ్చింది. అందులో నా పేరు లేదు, నా వరుస అంకెలు ఉన్నాయి.

2016లో కాంట్రాక్టువాళ్లం తొమ్మిదిమందిని ఒక సమావేశపు గదిలో కూర్చుని పనిచేయమన్నారు. మరుసటి ఏడాది క్యూబికల్ గోడలన్నీ తీసేసి పొడుగు బల్లలు వేశారు. మనుషులు కలిసి మాట్లాడుకుంటారని చెప్పారు. అందరం హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాం. గోడలు తీసేసిన రెండు కంపెనీలను పరిశీలించిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. ఎదురెదురుగా మాట్లాడుకోవడం సుమారు 70 శాతం తగ్గి, ఈమెయిళ్లు పెరిగాయని చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు.

2019లో విశాఖ తిరిగి వచ్చాం. మొన్న డిసెంబరులో పాపను ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి చూపించడానికి తీసుకెళ్లాను. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన ఓడ అది. 91 మీటర్ల పొడవులో సుమారు 75 మంది ఉండేవారు. తల వంచి ఒక గుండ్రటి ద్వారం నుంచి మరో ద్వారంలోకి వెళ్తుంటే, నౌకాదళంలో పనిచేసి వచ్చిన గైడు పడకలు చూపించారు. "ఒకరు లేస్తే ఇంకొకరు పడుకునేవారు" అన్నారు. "మరి వాళ్లకు సొంత చోటు?" అని అడిగింది పాప. ఆయన ఒక చక్రం మీద చేయి వేసి, "దీని ముందు నిలబడేవాడికి ఇదే సొంత చోటు. చీకట్లో కూడా వచ్చి దీని మీదే చేయి వేసేవాడు. ఇంకొకరు రారు" అన్నారు. నాకు నానమ్మ ట్రంకు పెట్టె గుర్తొచ్చింది.

ఇప్పుడు మధురవాడలో ఉద్యోగం. ఇక్కడా అవే పొడుగు బల్లలు, కిటికీలోంచి సముద్రం కనబడే వరుస పెద్దలది. పోయిన నెల పలాస నుంచి ఒక అమ్మాయి కాంట్రాక్టు మీద చేరింది. కాఫీ యంత్రం పక్కన, నడిచేవాళ్ల మోచేతులు తగిలే కొస సీటు ఇచ్చారు. నా సీటు మార్చుకుందామంటే ఒప్పుకోలేదు. చార్టు ప్రకారమే కూర్చోవాలని ఎవరో చెప్పారట. పరిపాలన విభాగానికి ఈమెయిల్ రాశాను, ఇంకా జవాబు రాలేదు. మళ్లీ రాస్తాను.

ఈలోగా శుక్రవారం సాయంత్రం ఒక అట్టముక్క, స్కెచ్ పెన్ను తీసుకుని ఆమె బల్ల దగ్గరకు వెళ్లాను. పేరు రాశాక ఆగి, "ఇంటిపేరు కూడా రాయనా?" అని అడిగాను.

ఆమె కుర్చీ దగ్గరకు జరుపుకుంది. "రాయండి మేడమ్. తెలుగులో రాస్తారా?"