గౌతమి అంటే అర్థం ఏంటండీ?

అక్క కూతురి బారసాల ఇంకో నాలుగు రోజులుందనగా మా ఇంట్లో పేరు గొడవ మొదలైంది. పంతులుగారు గ అక్షరంతో రావాలన్నారు, అమ్మ వెంటనే గౌతమి అనేసింది, బావగారేమో ఫోన్‌లో వెతికి "చీకటిని పోగొట్టేది అని ఉంది, బావుందండీ" అని తెగ మురిసిపోయారు. నాకు ఉండబట్టలేదు.

గోతముడని ఋగ్వేదంలో ఓ ఋషి ఉన్నాడు, ఆయన వంశంలో మగపిల్లాడైతే గౌతముడు, ఆడపిల్లయితే గౌతమి, అంతే. ఇంకా లోపలికెళ్తే గో అంటే ఆవో ఎద్దో, తమ అంటే అన్నిట్లోకీ మించింది, వెరసి మేలుజాతి గిత్త అన్నమాట. ఇది చెప్పాక బావగారి మొహం చూడాలి!

అయినా కోటిపల్లిలో ఏరు దాటించే పంటు ఎక్కి ముక్తేశ్వరంలో దిగే మాకు గౌతమి అంటే గోదారే కదా. మాయావు గడ్డిపరక తగిలి చచ్చిపోతే ఆ పాపం కడుక్కోడానికి గౌతముడు తపస్సు చేసి గంగని గోదారిగా దింపాడని కథ, అందులోనూ ఆవే చూడండి.

నాకు అన్నిట్లోకీ నచ్చేది మాత్రం శాతవాహనుల సంగతి. గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం నాసిక్ గుహల్లో ఉంది, అదీ గోదారి పుట్టినచోటికి దగ్గర్లోనే. ఆవిడ మనవడు వాసిష్ఠీపుత్ర పులుమావి. అంటే అత్తగారు గౌతమి, కోడలు వాసిష్ఠి. మన ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ అని పాయలు చీలింది చూస్తే ఆ అత్తాకోడళ్ళే వేరుకాపురం పెట్టినట్టుంటుంది నాకు.

నాయనమ్మ తరంలో గౌతమి అన్న పేరే నేను వినలేదు, అందరూ సత్యవతులూ మంగాయమ్మలూ సూర్యకాంతాలే. మా క్లాసులో మాత్రం ఇద్దరుండేవారు, ఒకమ్మాయి రోజూ ఆలస్యంగా వచ్చేది, "గౌతమి ఎక్స్‌ప్రెస్ లేటు" అని ఏడిపించేవాళ్ళం పాపం. ఇప్పుడు స్కూళ్ళలో ఎక్కడ చూసినా ఆద్యలూ శాన్వీలే.

చివరికి అమ్మ మాటే నెగ్గింది. బారసాల రోజు బావగారు పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాస్తుంటే ఔత్వం కుదరక గోతమి అయికూర్చుంది. పాళీ భాషలో అలాగే అంటారులెండి అన్నాను, ఆయన నావైపు ఓ చూపు చూసి బియ్యం చదును చేసి మళ్ళీ మొదలెట్టారు.