అడగాల్సింది ఎవరు?

మా అమ్మాయికి పదిహేనేళ్లు. సినిమాని మధ్యలో ఆపేసి అడిగింది: "అమ్మా, చనిపోతానంటున్నది అతను కదా, మరి కోర్టుకి వాళ్లమ్మ ఎందుకు వెళ్లింది?"

మేం చూస్తున్నది 'సలాం వెంకీ'. రేవతి దర్శకత్వంలో 2022లో వచ్చిన హిందీ సినిమా. తల్లిగా కాజోల్ చేసింది. మాటలు హిందీవే గానీ, దాని వెనకున్న మనిషి మన హైదరాబాద్ కుర్రాడు, చెస్ ఆటగాడు వెంకటేశ్. డుషెన్ అనే జబ్బు ఒక్కో కండరాన్నే తినేస్తూ వచ్చింది. వెంటిలేటర్ మీదున్నప్పుడు అతను కోరింది ఒక్కటే. అవయవాలు పాడవకముందే తనను పోనివ్వండి, వాటిని వేరేవాళ్లకి ఇవ్వండి అని. ఆ కోరికతో తల్లి హైకోర్టుకి వెళ్లింది. బ్రెయిన్ డెడ్ అయితే తప్ప అలా తీసుకోవడానికి 1994 నాటి అవయవమార్పిడి చట్టం ఒప్పుకోదు. 2004 డిసెంబరులో కోర్టు కుదరదంది. ఆ నెలలోనే అతను పోయాడు, 25 ఏళ్లకి. కళ్లు మాత్రం దానం చేయగలిగారు.

ఈ జబ్బు చాలామందికి తల్లి వైపు నుంచే వస్తుంది. సినిమా చూస్తున్నంతసేపూ నా మనసు అక్కడే తిరిగింది. తనకే తెలియకుండా కొడుక్కి జబ్బునిచ్చి, ఏళ్ల తరబడి ఎత్తి దించి, ఒళ్లు తుడిచి, చివరికి వాడి చావు కోసం తనే అర్జీ పెట్టడం. ఆమె చేసింది తప్పని నేననలేను. అదే చోట ఉంటే సంతకం పెట్టగలనా అంటే, అదీ చెప్పలేను.

మా అమ్మాయికి ఈ తల్లడింపు అర్థం కాలేదు. మేముండేది మెల్‌బోర్న్‌లో. ఈ రాష్ట్రంలో 2019 నుంచి కారుణ్య మరణానికి చట్టం ఉంది. ఆ మాట రోగి నోటి నుంచే రావాలి, కుటుంబం అడగడానికి వీల్లేదు. దానికి అదే న్యాయంగా కనిపిస్తుంది. తప్పు దానిది కాదు. "నీ ఒళ్లు నీది, నీ మాట నువ్వే చెప్పాలి" అని చిన్నప్పటి నుంచి నేర్పింది నేనే. నేను పెరిగిన ఇంట్లో మాత్రం పెద్దాయన జబ్బు సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలిసేది. దాన్నీ ప్రేమనే అనుకున్నాం. ఇప్పటికీ అది ప్రేమ కాదనడానికి నాకు నోరు రాదు.

సినిమా అయిపోయాక అది మెల్లగా అంది: "తాతయ్యని ఎవరైనా అడిగారా?"

అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. నాన్న ఐసీయూలో ఉంటే అన్నయ్య ఫోన్ చేసి "వెంటిలేటర్ పెట్టాలంటున్నారు, ఏం చేద్దాం?" అన్నాడు. "ఎంత ఖర్చయినా సరే, పెట్టించు" అన్నాను. పక్కనే కూర్చుని వింది. అంత దూరాన ఉన్న కూతురు ఇంకేం చెబుతుంది? దగ్గర లేనన్న బాధ ఆ గట్టితనంలో ఎంత ఉందో నాకు తర్వాత గానీ తెలియలేదు. నాన్న ఆ ట్యూబుతోనే పదకొండు రోజులున్నారు.

ఆ రాత్రి అన్నయ్యకి ఫోన్ చేశాను. "నాన్న నీతో ఏమైనా అన్నారా, ట్యూబు వేయకముందు?"

చాలాసేపు మాట్లాడలేదు. "ఇంటికి పోదాం అన్నారమ్మా. హాస్పిటల్లో అందరూ అనే మాటే కదా అనుకున్నాను."

వచ్చి అమ్మాయికి చెప్పాను. దాచలేదు. "అంటే చాలించమన్నారా, నయమై ఇంటికెళ్దామనా?" అంది. ఆ మాటకి తెలుగులో రెండర్థాలూ ఉన్నాయని చెప్పాను. అది నా పక్కకి జరిగి కూర్చుంది.