'ద' గిన్నె

మన పూర్వ విద్యార్థుల సమావేశం కోసం, బడి గురించి అన్నీ ఉండేటట్లు రెండు పేజీలు రాసి పంపమని కమిటీ మిత్రులు అడిగారు. అన్నీ రాయడం నా వల్ల అయ్యే పని కాదు. నాలుగో తరగతి దాకా నేను ఏ మూల కూర్చున్నానో, ఏమి చదివానో నాకు గుర్తు లేదు. ఐదో తరగతిలో 1984 దసరా సెలవుల తరువాత మొదలై, మరుసటి జనవరి 26తో ముగిసిన ఆ కొన్ని నెలలు మాత్రం నిన్నటివలె ఉన్నాయి. రామప్ప యాత్ర సంగతి మూడో బెంచీ వారు రాస్తున్నారని విన్నాను కనుక దాని జోలికి పోను. నేను రాసేది గిన్నెల గురించి.

పంతులమ్మ గారు మనకు సైన్సు, భూగోళం, పాట మూడూ చెప్పేవారు. ఏది ఎక్కడ ముగిసి ఏది మొదలయ్యేదో మనకు తెలిసేది కాదు. బడి వెనుక మొరం కుప్ప మీద ఆమె బిందెడు నీళ్లు పోయించి, ఇటు జారినవి పాకాల నీళ్లని, అటు జారినవి రామప్ప నీళ్లని చెప్పిన రోజు మీకూ గుర్తుండి ఉంటుంది. గణపతిదేవుని కాలంలో 1213లో కట్టిన పాకాల చెరువు నీరు మున్నేరుగా సాగి కృష్ణలో కలుస్తుందని, రామప్ప, లక్నవరం వైపు నీరు గోదావరికి చేరుతుందని, వాటి దారిన వాటిని పోనిస్తే ఆ రెండూ బంగాళాఖాతంలో తప్ప మరెక్కడా కలుసుకోవని ఆమె చెప్పినప్పుడు, మన ఊరి మత్తడి దుమికిన నీరు ఎంత దూరం పోతుందో నాకు మొదటిసారి తెలిసింది. ఆ సాయంత్రం ఇంటికి పోకుండా వాగు వెంట నడిచిన వారిలో నేనూ ఉన్నాను.

నీళ్లు పోసిన గిన్నెలను తట్టి స్వరాలు పలికించే జలతరంగం ఆ తరువాతి వారం మొదలైంది. స్వరానికి ఒకటి చొప్పున ఏడు ఇళ్ల నుండి ఏడు పింగాణీ గిన్నెలు వచ్చాయి. ఎన్నిసార్లు కడిగినా తొక్కు వాసన పోని 'మ' గిన్నెను ఎవరు మరచిపోగలరు? శనివారం శ్రుతి చేసి పెట్టిన గిన్నెలు సోమవారం ఉదయం కొంచెం హెచ్చు స్వరంలో పలికాయి. ఎవరో ముట్టుకున్నారని మనం ఒకరినొకరు అనుమానించుకుంటుండగా, పంతులమ్మ గారు గిన్నె లోపలి వైపు శనివారం తాను గీసిన గీతను చూపించారు. నీరు దానికి గడ్డిపోచంత కిందికి దిగి ఉంది. తట్టినప్పుడు కంపించేది గిన్నె గోడ కనుక, ఆవిరై నీరు తగ్గిన కొద్దీ గోడ మీది బరువు తగ్గి స్వరం పెరుగుతుందన్నారు. సీసా మూతి మీద ఊదితే తీరు తిరగబడుతుందని కూడా చూపించారు. అక్కడ కంపించేది లోపలి గాలి, నీళ్లు పోసిన కొద్దీ ఆ గాలికి చోటు తగ్గి స్వరం పైకి పోతుంది. "మన ఊరచెరువును కూడా గిన్నెలాగా తట్టగలిగితే, ఎండాకాలమంతా దాని శ్రుతి పెరుగుతూనే ఉంటుంది" అన్నారామె. నేను విన్న పాఠాలన్నింటిలో దానికి సాటి వచ్చే మాట మరొకటి లేదు.

ఇక జనవరి 26. జెండా ఎగరేయడానికి గంట ముందు వరండాలో 'ద' గిన్నె పగిలింది. పక్కన నిలబడ్డది మనం 'తూము' అని పిలిచే మిత్రుడు కనుక ఆ నేరం తూము మీద పడింది, నలభై ఏళ్లుగా అక్కడే ఉన్నది. తగిలిన మోచేయి నాది. తూము చూశాడు, చూసి కూడా నోరు విప్పలేదు.

పంతులమ్మ గారు ఎవరినీ ఏమీ అనలేదు. పెంకులు ఏరించి, కొంతసేపు మిగిలిన ఆరు గిన్నెలనే చూస్తూ కూర్చుని, తరువాత 'మ' గిన్నెను కూడా తీసి పక్కన పెట్టారు. మన గిన్నెల శ్రుతి శంకరాభరణ రాగానిది. అందులో 'మ', 'ద' రెండూ తీసివేస్తే మిగిలే స, రి, గ, ప, ని హంసధ్వని రాగం అవుతాయి. అరగంటలో ఆమె మనకు కొత్త వరుస నేర్పారు, గిన్నె పోయిన ఇద్దరికీ తాళం అప్పగించారు. ఊరి పెద్దలు ఐదు గిన్నెల కచేరీ విని, ముందు నుండీ అనుకున్నది అదేనని తలచారు.

ఆ మరుసటి వారమే ఆమెకు బదిలీ అయింది. ఆ ఏడాది చివరి పరీక్షలు ఎట్లా రాశానో నాకు తెలియదు.

నేను వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో చదివి నీటిపారుదల శాఖలో చేరాను. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీయించి, తూములు బాగు చేయించిన చెరువుల కట్టల మీద నడిచే భాగ్యం నాకు కలిగింది. చెరువు నీటి లెక్కలో ఆవిరి నష్టం అనే ఒక గడి ఉంటుంది. దానిని నింపిన ప్రతిసారీ ఆ సోమవారం ఉదయపు గిన్నె నా చెవిలో పలుకుతుంది. మా అమ్మాయి వీణ నేర్చుకుంటున్నది. ఆమె మొదటిసారి హంసధ్వని వాయించిన రోజు, ఇందులో ఏ రెండు స్వరాలు లేవో నేను ముందే చెప్పగలిగాను. ఎట్లా తెలుసని అడిగితే మాత్రం సగమే చెప్పాను.

మిగిలిన సగం ఇప్పుడు రాశాను. తూమూ, సమావేశానికి నేను ఒక పింగాణీ గిన్నె తెస్తున్నాను. 'ద' పలికే దాకా అందులో నీళ్లు నువ్వే పోయాలి.