14 ఖాళీ సీట్లు: చార్టర్ స్కూల్ నడపడంలో అసలు లెక్క

అమెరికాలో చార్టర్ స్కూల్ పెడదామనుకునేవాళ్లు మొదట మాట్లాడేది బోధన గురించే. దరఖాస్తులో ఎక్కువ పేజీలు కూడా దానికే పోతాయి. స్కూలు మూతపడే పరిస్థితి వచ్చినప్పుడు మాత్రం బోర్డు ముందు ఉండే కాగితాలు వేరు: పిల్లల సంఖ్య, బ్యాంకు నిల్వ, లీజు.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. తొలి చార్టర్ చట్టం 1991లో మినెసోటా చేసింది. మరుసటి ఏడాది సెయింట్ పాల్‌లో సిటీ అకాడమీ తెరిచారు. ఇవి ప్రభుత్వ డబ్బుతో నడిచే పబ్లిక్ స్కూళ్లు. ఫీజు ఉండదు, ప్రవేశ పరీక్ష పెట్టకూడదు, సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీయాలి. నడిపేది సాధారణంగా లాభాపేక్ష లేని సంస్థ, అనుమతి ఇచ్చి నిఘా పెట్టేది ఆథరైజర్. కాలిఫోర్నియాలో ఆ పని ఎక్కువగా స్థానిక స్కూల్ డిస్ట్రిక్ట్‌ది (ఆ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ), టెక్సస్‌లో రాష్ట్ర విద్యా ఏజెన్సీది. అనుమతి గడువూ అంతటా ఒకటి కాదు: కాలిఫోర్నియాలో మొదటి చార్టర్ గరిష్ఠంగా 5 ఏళ్లకు ఇస్తారు, అరిజోనాలో 15 ఏళ్లకు.

ఇక లెక్క. కిండర్‌గార్టెన్, ఒకటి, రెండు తరగతులతో స్కూలు మొదలవుతోంది. తరగతికి రెండు సెక్షన్లు, సెక్షన్‌కు 24 మంది. మొత్తం 144. ఒక్కో పిల్లవాడికి ఏడాదికి 11,000 డాలర్లు వస్తాయనుకుందాం (ఇది ఉదాహరణకే, రాష్ట్రాన్ని బట్టి చాలా మారుతుంది). ఆదాయం 15,84,000 డాలర్లు. స్కూలు తెరిచే రోజున 130 మందే వచ్చారు. తగ్గింది 14 మంది, పోయింది 1,54,000 డాలర్లు. ఇంతకీ ఖర్చు ఎక్కడ తగ్గిస్తారు? ఆ 14 మంది ఒక గదిలో లేరు. ఆరు సెక్షన్లలో ఇద్దరు, ముగ్గురు చొప్పున తగ్గారు. టీచర్లు ఆరుగురూ కావాలి, గదులు ఆరూ కావాలి, అద్దె మొత్తమూ కట్టాలి. డబ్బు తలకింత చొప్పున వస్తుంది, ఖర్చు మాత్రం గది చొప్పున పోతుంది. తర్వాత వచ్చే చిక్కులన్నీ దాదాపుగా ఇక్కడి నుంచి పుట్టినవే.

అందుకే బడ్జెట్‌ను 144 మీద కాకుండా 130 మీద వేసుకోవాలి. మిగతా 14 మంది వస్తే అది నిల్వ. ఆథరైజర్లు చాలామంది అంచనా వేసిన సంఖ్యలో కనీసం 95 శాతం మంది చేరారా అని చూస్తారు. 144లో 130 అంటే 90 శాతమే. అంటే డబ్బు కొరతతో పాటు మొదటి నివేదికలోనే ఎర్ర గుర్తు పడుతుంది.

వెయిట్‌లిస్ట్ చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. ఒకే ఇంటివాళ్లు నాలుగైదు స్కూళ్లకు దరఖాస్తు పెడతారు. మార్చిలో సరేనన్నవాళ్లలో కొందరు ఆగస్టుకు ఇల్లు మారతారు, కొందరు బస్సు లేదని తెలిసి ఆగిపోతారు. పనికొచ్చే అంకె ఒక్కటే: చిరునామా రుజువు, టీకాల రికార్డు సహా కాగితాలన్నీ ఇచ్చిన పిల్లలెందరు? ఏప్రిల్ నుంచి ప్రతి శుక్రవారం ఈ అంకె బోర్డుకు వెళ్లాలి. జూన్ మధ్యకు 85 శాతం దాటకపోతే ఆరో టీచర్‌కు ఆఫర్ లెటర్ పంపే ముందు ఒకసారి ఆగి ఆలోచించాలి.

పిల్లలు చేరితే సరిపోదు, లెక్కలోకి రావాలి. మిషిగన్‌లో అక్టోబరు మొదటి బుధవారం లెక్కింపు రోజు. కాలిఫోర్నియా, టెక్సస్ సగటు హాజరును బట్టి డబ్బు ఇస్తాయి. అక్కడ 130 మంది పేర్లు ఉండి హాజరు 92 శాతం అయితే డబ్బు దాదాపు 120 మందికే వస్తుంది. జ్వరాల సీజనూ, పండగ ముందు వారాలూ నేరుగా బడ్జెట్‌ను కొరికేస్తాయి. హాజరు పుస్తకం చూసే ఆఫీస్ మేనేజర్‌కు మంచి జీతం ఇవ్వండి. స్కూల్లో అతి తక్కువ గుర్తింపు ఉన్న ఉద్యోగం అదే, ఆదాయం మొత్తం నడిచేది ఆ చేతి మీదుగానే.

నగదు మరో సంగతి. ఏడాది ఖర్చు 15,00,000 డాలర్లు, అందులో తరుగుదల (పుస్తకాల్లో రాసేదే తప్ప చేతి నుంచి నగదు పోని ఖర్చు) 40,000 అనుకోండి. దాన్ని తీసేసి 365తో భాగిస్తే రోజుకు 4,000. ఆథరైజర్లు సాధారణంగా అడిగే 60 రోజుల నిల్వ అంటే 2,40,000 డాలర్లు. మొదటి ఏడాది ఇది ఎవరి దగ్గరా ఉండదు. టీచర్ల శిక్షణ, ఫర్నిచర్, డిపాజిట్లు వేసవిలోనే ఖర్చవుతాయి, రాష్ట్రం డబ్బు తర్వాత మెల్లగా వస్తుంది. ఫెడరల్ చార్టర్ గ్రాంటు ఉంది కదా అంటారు. అది చాలావరకు ముందు ఖర్చు పెట్టి, తర్వాత బిల్లులు చూపించి తెచ్చుకునే డబ్బు. ఆ మధ్య వారాలు గడవడానికి అప్పో విరాళమో ముందే చూసుకోవాలి. జీతాల బడ్జెట్‌లో పింఛను వాటా మర్చిపోవడం కూడా మామూలే: కాలిఫోర్నియాలో టీచర్ల పింఛను పథకంలో చేరిన స్కూలు జీతం మీద 19.1 శాతం కట్టాలి, అంటే 60,000 జీతానికి మరో 11,460.

స్పెషల్ ఎడ్యుకేషన్ (వైకల్యం ఉన్న పిల్లలకు ఇచ్చే ప్రత్యేక బోధన, సేవలు) దగ్గర కొత్త స్కూళ్లు రెండు తప్పులు చేస్తాయి. మొదటిది, డబ్బు విషయంలో. కొన్ని రాష్ట్రాల్లో చార్టర్ స్కూలే చట్టం దృష్టిలో ఒక డిస్ట్రిక్ట్‌తో సమానం, బాధ్యత మొత్తం దానిదే. మరికొన్ని చోట్ల స్థానిక డిస్ట్రిక్ట్ పంచుకుంటుంది. సంతకాలకు ముందే ఇది తేల్చుకోకపోతే, రోజంతా పక్కనే సహాయకుడు కావాల్సిన ఒక్క పిల్లవాడు చేరినా చిన్న బడ్జెట్ తలకిందులవుతుంది. రెండోది అంతకన్నా ఘోరం: “మా స్కూలు మీ బాబుకు సరిపోదేమో” అని తల్లిదండ్రులకు సూచించడం. మర్యాదగా చెప్పినా అది చట్టవిరుద్ధమే. వేరే స్కూలు నుంచి ఐఇపి (ఆ పిల్లవాడికి ఏ ప్రత్యేక సేవలు ఇవ్వాలో రాసిన వ్యక్తిగత ప్రణాళిక) పట్టుకుని వచ్చిన పిల్లవాడికి, కొత్త ప్రణాళిక తయారయ్యేదాకా అలాంటి సేవలనే ఇస్తూ ఉండాలి. స్పీచ్ థెరపిస్ట్ ఇంకా దొరకలేదన్నది కారణంగా చెల్లదు. ఆ ఒప్పందం జూలైలోనే ఏదో ఒక ఏజెన్సీతో కుదుర్చుకోవాలి.

బిల్డింగ్ విషయంలో అద్దె కన్నా ముందు అడగాల్సింది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఆ బిల్డింగ్‌ను దేనికి వాడొచ్చో చెప్పే అధికారిక పత్రం. ఆఫీసుగా, దుకాణంగా వాడిన చోటును స్కూలుగా మార్చడమంటే బిల్డింగ్ కోడ్ ప్రకారం వర్గం మారడం. అప్పుడు స్ప్రింక్లర్లు, ఫైర్ అలారం, బయటికి వెళ్లే దారుల వెడల్పు, టాయిలెట్ల సంఖ్య అన్నీ మళ్లీ లెక్కలోకి వస్తాయి. చర్చిల ఆదివారం బడి గదులు చూసి చాలామంది మోసపోతారు. గోడకు నల్లబోర్డు, లోపల చిన్న కుర్చీలు, చూడ్డానికి అచ్చం స్కూలే. కానీ కోడ్‌లో అలాంటి గదులను ప్రార్థనా మందిరంలో భాగంగానే లెక్కించి ఉండొచ్చు, స్కూలుగా కాదు. సంతకం పెట్టే ముందు ఫైర్ మార్షల్‌ను (అగ్నిమాపక భద్రత తనిఖీ చేసే అధికారిని) తీసుకొచ్చి చూపించండి. లీజులో రెండు షరతులు రాయించుకోండి: తరగతులు పెరిగేకొద్దీ అద్దె దశలవారీగా పెరగాలి, చార్టర్ రద్దయినా రెన్యూ కాకపోయినా లీజు కూడా ముగియాలి. అద్దె ఆదాయంలో 15 శాతం దాటితే కష్టం, 20 దాటితే టీచర్ల జీతాల్లోంచి తీసి కడుతున్నట్టే. బిల్డింగ్ యజమాని స్కూలు బోర్డులో ఉండటం మాత్రం వద్దు, అది ఆలోచించాల్సిన పని కూడా లేదు.

ఇప్పుడు పెరుగుదల. ఏడాదికో తరగతి కలుపుతూ పోవడం మేలైన పద్ధతి: 144, 192, 240, 288. అయితే ఈ వరుస కాగితం మీదే ఇంత నున్నగా ఉంటుంది. ఏటా పది శాతం పిల్లలు వెళ్లిపోతూ, ఆ ఖాళీలు నింపకపోతే కిండర్‌గార్టెన్‌లో చేరిన 48 మంది ఐదో తరగతికి వచ్చేసరికి 28 మంది అవుతారు. ఇద్దరు టీచర్లు, 28 మంది పిల్లలు. మధ్యలో వచ్చే పిల్లలు మా పద్ధతికి అలవాటు పడరని కొన్ని స్కూళ్లు పై తరగతుల్లో చేర్చుకోవు. ఆ వాదనలో కొంత నిజముంది, కానీ దాని ఖరీదు భరించగల స్కూళ్లు తక్కువ. అక్టోబరు దాకా ఖాళీలు నింపి, కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి ఆరు వారాలు చదవడం, లెక్కల్లో విడిగా సమయం ఇస్తే పని నడుస్తుంది.

తరగతి కలపాలన్నా, పిల్లల పరిమితి పెంచాలన్నా చాలాచోట్ల చార్టర్ సవరణ కావాలి, ఆథరైజర్ ఆమోదానికి నెలలు పడుతుంది. వచ్చే ఆగస్టులో తరగతి మొదలుపెట్టాలంటే ఈ శరదృతువులోనే కాగితాలు వెళ్లాలి. ఆమోదం రాకముందే లాటరీ ప్రకటన ఇచ్చేస్తే తర్వాత తల్లిదండ్రులకు ఫోన్లు చేసి క్షమాపణలు చెప్పుకోవాల్సి వస్తుంది. మీటింగుల అజెండా కూడా అలాంటిదే. కాలిఫోర్నియాలో సాధారణ బోర్డు మీటింగ్ అజెండాను 72 గంటల ముందు బహిరంగంగా పెట్టాలి, అందులో లేని అంశం మీద మామూలుగా నిర్ణయం తీసుకోకూడదు.

రెండో క్యాంపస్ సంగతికొస్తే, మొదటిదానికి వెయిట్‌లిస్ట్ ఉందన్నది చాలినంత కారణం కాదు. మొదటి క్యాంపస్‌ను వ్యవస్థాపకుడు లేకుండా ఏడాది నడపగలిగారా? కొత్త ప్రిన్సిపాల్ తెరవడానికి ఏడాది ముందే జీతం మీద చేరి పాత క్యాంపస్‌లో పనిచేస్తున్నారా? ఈ రెండింటికీ అవునని చెప్పగలిగితేనే స్థలం వెతకాలి. కేంద్ర కార్యాలయానికి రెండు క్యాంపస్‌ల నుంచీ వాటా తీస్తారు కాబట్టి, ఆ వాటా శాతం, బదులుగా అందే సేవలు ఒప్పందంలో రాసి ఉండాలి. మొదటి క్యాంపస్ నగదు రెండోదానికి వెళ్తే అది అప్పు. బోర్డు తీర్మానం, మొత్తం, తిరిగిచ్చే తేదీ మూడూ మినిట్స్‌లో ఉండాలి. లేకపోతే ఆడిటర్ దాన్ని నివేదికలో లోపంగా రాస్తాడు, మొదటి క్యాంపస్ రెన్యువల్ రోజున ఆథరైజర్ ముందుగా తెరిచేది ఆ పేజీనే.