కెమెరా కన్నా ముందు సీరీస్ బల్బు

మా దుకాణం కాజీపేటలో ఉంది. నాన్న రేడియోలు బాగుచేసిన బల్ల మీదే నేనూ ఇరవై రెండేళ్లుగా పని చేస్తున్నాను. పిక్చర్ ట్యూబ్ టీవీల కాలం పోయింది. ఇప్పుడు నా దగ్గరకు వచ్చేవి ఎల్ఈడీ బల్బులు, మిక్సీలు, ఇన్వర్టర్లు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి మోటారు స్టార్టర్లు. నా దగ్గర పని నేర్చుకుని వర్ధన్నపేటలో సొంతంగా చిన్న షాపు పెట్టుకున్న కుర్రాడు వారానికి మూడు నాలుగు సార్లు వీడియో కాల్ చేస్తాడు. "అన్నా, ఈ డయోడు ఏ వైపు పెట్టాలి? గీత ఎటు ఉండాలి?" అని అడుగుతాడు. కరెంటును ఒక వైపే పోనిచ్చే భాగం డయోడు, దాని మీది గీతే ఆ వైపు ఏదో చెబుతుంది. ఆ జవాబులనే తెలుగులో వీడియోలుగా పెడితే అతనిలాంటి వాళ్లు ఇంకొందరికి పనికొస్తాయనిపించింది. ఛానల్ ఆలోచన అక్కడ పుట్టింది.

హనుమకొండలో ఒక కెమెరా దుకాణానికి వెళితే యాభై ఎనిమిది వేల కెమెరా చూపించారు. మంచిదే. కానీ నేను చూపించాల్సింది బోర్డు మీద 1.6 మిల్లీమీటర్ల పొడవుండే రెసిస్టరును, అంటే కరెంటును తగ్గించే చిన్న భాగాన్ని. కెమెరాతో వచ్చే లెన్సు అంత దగ్గర్నుంచి ఫోకస్ కాదు, దానికి వేరే లెన్సు కొనాలి. ఇంటికొచ్చి మా మేనల్లుడి పాత ఫోనుతో ప్రయత్నించాను. ఒక జానెడు ఎత్తున పెట్టి కొద్దిగా జూమ్ చేస్తే రెసిస్టరు మీది అంకెలు చదవగలిగాను. కెమెరా ఖర్చు అక్కడితో ఆగింది. మొత్తం పదిహేను వేలు దాటకూడదనుకున్నాను.

మొదట కొన్నది ఫోనును బల్ల మీద వేలాడదీసే చేయి. బల్ల అంచుకు బిగించేది తీసుకుంటే టంకం వేసే ప్రతిసారీ బల్లతో పాటు ఫోను కూడా ఊగింది. దాన్ని గోడకు కొట్టిన చెక్కకు మార్చాక బొమ్మ నిలిచింది. ఇంకొకటి: నా చేయి అడ్డొచ్చినప్పుడల్లా ఫోను తనంతట తానే వెలుగు, ఫోకస్ మార్చుకుంటోంది. తెర మీద కాసేపు వేలు నొక్కి పట్టి రెండింటినీ లాక్ చేయడం అలవాటు చేసుకున్నాను.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది వెలుతురు. తలపైన ట్యూబ్‌లైట్ ఒక్కటే ఉంటే నా చేతి నీడ సరిగ్గా పని జరిగే చోటే పడుతుంది. ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి దీపాలు పెట్టాను. అప్పుడు నీడ పోయింది కానీ టంకం చుక్కలు అద్దంలా మెరిసి ఏమీ కనిపించలేదు. దీపాలకు బటర్ పేపర్ కట్టాక మెరుపు తగ్గింది. ఆ రోజు తీసిన ముక్క వర్ధన్నపేటకు పంపితే "గీత కనిపిస్తోందన్నా" అని జవాబు వచ్చింది. ఆ మాటకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

వీడియోలో నల్లని పట్టీలు పాకుతుంటే ఫోను చెడిపోయిందనుకోవద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఫోను కెమెరా సెట్టింగుల్లో షట్టరు వేగాన్ని సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెడితే చాలావరకు పోతాయి. పవర్ సప్లై మీద ఎర్రగా వెలిగే అంకెలు కూడా కొన్నిసార్లు వీడియోలో విరిగి కనిపిస్తాయి, ఎందుకంటే అవి ఒకదాని తర్వాత ఒకటి వేగంగా వెలిగి ఆరుతుంటాయి. అందుకే వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటరు మాత్రం పెద్ద ఎల్‌సీడీ అంకెలు, వెనక వెలుగు ఉన్నది తీసుకున్నాను. దాని మీద క్యాట్ 3, 600 వోల్టులని భద్రతా స్థాయి రాసి ఉందో లేదో చూసే కొన్నాను. ఇందులో పొదుపు చేయలేదు.

శబ్దానికి కాలరుకు తగిలించే చిన్న మైకు చాలు. ఫ్యాను ఆపాలి, అదే కష్టం. మే నెలలో ఫ్యాను ఆపి పావుగంట కూర్చోవడం కుదరదు. పైగా ఇది జంక్షన్, రైలు కూత ఏ వాక్యం మధ్యలో వస్తుందో చెప్పలేం. తెల్లవారుజామున రికార్డు చేస్తున్నాను.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన పరికరం నలభై రూపాయల హోల్డరులో పెట్టిన అరవై వాట్ల పాత ఫిలమెంటు బల్బు. రిపేరుకు వచ్చిన బోర్డును, దానికి వెళ్లే కరెంటు బల్బు గుండానే పోయేలా, దానితో సీరీస్‌లో కలిపి కరెంటు ఇస్తే, లోపల షార్టు ఉన్నప్పుడు బల్బు నిండుగా వెలుగుతుంది, బోర్డు కాలదు. నేను చూసిన చాలా వీడియోల్లో ఇది లేదు. నేరుగా ప్లగ్గు పెట్టేస్తున్నారు. చూసి నేర్చుకునే పిల్లలు అలాగే చేస్తారని నాకు భయం. అయితే సీరీస్ బల్బు బోర్డును కాపాడుతుంది, మనిషిని కాదు. 230 వోల్టులు రెక్టిఫై అయ్యాక, అంటే ఏసీ నుంచి డీసీగా మారాక, కరెంటును నిల్వ ఉంచే కెపాసిటరులో దాదాపు 325 వోల్టుల డీసీ నిలుస్తుంది. ప్లగ్గు తీసినా కాసేపు ఉంటుంది. స్క్రూడ్రైవరుతో షార్టు చేయకుండా పది కిలో ఓమ్‌ల, అయిదు వాట్ల రెసిస్టరుతో ఆ నిల్వను దించి, మీటరుతో చూసి, అప్పుడే చేయి పెట్టడం ప్రతి వీడియోలోనూ చూపిస్తాను. వీడియో నిడివి పెరిగినా సరే.

వోల్టేజీ మార్పును తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్ కొనాలని ఎంతో ఉంది. తరంగం తెర మీద కనిపిస్తే పది నిమిషాల మాట అక్కర్లేదు. కానీ బల్ల మీద పెట్టే స్కోపులో ప్రోబు (కొలిచే తీగ) క్లిప్పు లోపలి నుంచి ఎర్తుకు కలిసి ఉంటుంది. దాన్ని పవర్ సప్లైలో మెయిన్స్ (ఇంటి కరెంటు) వైపు తగిలిస్తే అక్కడికక్కడే షార్టు. అందుకని ముందు బోర్డుకు ఎర్తుతో సంబంధం లేకుండా కరెంటు ఇచ్చే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు కొంటాను. అది ఉన్నా రెండు తీగలూ ఒకేసారి ముట్టుకుంటే షాకు తప్పదు, ఆ సంగతీ చెప్పాలి. ఈ నెలాఖరులో రైలెక్కి హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి వెతుకుతాను. అప్పటిదాకా ఎల్ఈడీ బల్బులు, ఫ్యాను కెపాసిటర్లతోనే వీడియోలు.