యాళి కాళ్ల కింద

ఆదివారం, రాత్రి

ఈ రోజు సగం ఒక మూతి దగ్గరే గడిచిపోయింది. ఉదయం ఆరున్నరకు కూర్చుంటే, భోజనానికి లేచేసరికి రెండు దాటింది. మూడు వారాలుగా వేస్తున్న యాళి బొమ్మ ఇది. హంపి విఠలాలయంలో మండపం స్తంభాల మీద ముందుకాళ్లెత్తి దూకబోతున్నట్టు నిలబడి ఉంటాయే, ఆ కల్పిత జంతువు. యాళిలో రకాలున్నాయి. కొన్నింటిది సింహం ముఖం, కొన్నింటిది గుర్రం ముఖం, కొన్నింటికి తొండం. నాకు తొండమున్న యాళే కావాలి. రాతిలో చూసినదాన్ని చర్మం, జూలు, ఊపిరి ఉన్న ప్రాణిగా చూడాలని హంపి వెళ్లి వచ్చినప్పటి నుంచీ కోరిక.

వెలుగునీడలు పోయిన వారమే కుదిరాయి. రంగుల జోలికి నేను ముందే వెళ్లను. బూడిద రంగు ఛాయల్లో నిలబడని బొమ్మను ఏ రంగూ నిలబెట్టలేదని నా నమ్మకం. ఒంటి బరువు వెనక కాళ్ల మీద పడాలి కాబట్టి, మా వీధిలో కుక్క గోడ మీదికి కాళ్లు పెట్టి నిలబడినప్పుడల్లా ఆగి చూశాను. నడుము ఎక్కడ వంగుతుందో, మడమ ఎంత ఎత్తులో ఉంటుందో అదే నేర్పింది. సింహం కూడా కుక్కలాగే వేళ్ల మీద నడిచే జంతువు.

చిక్కంతా తొండం మొదట్లో వచ్చింది. ఏనుగు తొండమంటే ముక్కు ఒక్కటే కాదు, పై పెదవి కూడా అందులో కలిసిపోయి ఉంటుంది. అంటే సింహం ముఖానికి తొండం పెట్టగానే పై పెదవి పోతుంది. మరి మీసాలు ఎక్కడ మొలవాలి? కోరలు దేని చాటు నుంచి బయటికి రావాలి? అసలు అవి కోరలా, దంతాలా? ఏనుగు దంతాలు పై దవడలో ముందుపళ్లు పెరిగి అలా అయినవి. సింహం కోరలు ముందుపళ్లకు అటూ ఇటూ ఉండేవి. నిన్నటిదాకా రెండూ ఉంచాను. నోరు ఇరుకైపోయి, రెండు ముఖాలు తెచ్చి అతికించినట్టు కనిపించింది. ఈ రోజు ధైర్యం చేసి దంతాలు తీసేశాను. తొండాన్ని కళ్ల మధ్య నుంచే మొదలుపెట్టి, రెండు పక్కలా పెదవి అంచు కాస్త మిగిల్చి, ఆ అంచు మీద వరుసగా మీసాలు నాటాను. తొండంలో ఎముక ఉండదు, ఎటైనా వంచవచ్చు. అయితే వంపు లోపలి వైపు ముడతలు దగ్గరదగ్గరగా, బయటి వైపు ఎడంగా పడాలి. ఈ ఒక్క సంగతి పట్టుబడగానే, అంతవరకు గొట్టంలా వేలాడుతున్నది తొండమైంది. ఎంత సంతోషం వేసిందో! లేచి వరండాలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగి వచ్చాను.

మధ్యాహ్నం రంగులు మొదలుపెట్టాను. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలు నాకు ఎప్పుడూ ఆదర్శం. సున్నపు పూత మీద ఆకుపచ్చ, తెలుపు, నలుపు, కావి, గోధుమ ఛాయలు. అంతే, అంత కొంచెంతోనే ఎంత పండుగో. నేను బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ క్రిటాలో లక్షల రంగులు చేతికందుతాయి, అందుకే ఆ అయిదింటినే ఒక పక్కన చుక్కలుగా పెట్టుకుని వాటితోనే కలుపుకున్నాను. బూడిద ఛాయల మీద కొత్త లేయర్, అంటే ఇంకో పొర, పరిచి, దాన్ని కింది ఛాయలతో కలిసిపోయే మల్టిప్లై పద్ధతిలో ఉంచి కావి పూశాను. కింది నీడలు చెదరకుండా పై రంగు లోపలికి ఇంకినట్టు పడుతుంది. జూలుకు మాత్రం మామూలు లేయర్ మీద, ఒక్కొక్క పాయగా, చేత్తోనే.

సాయంత్రం బొమ్మను ఎడమ కుడి తిప్పి చూశాను. తప్పులు అద్దంలోనే బయటపడతాయి. ఒక కన్ను పైకి జరిగి ఉంది, సరిచేశాను. అయినా ఏదో వెలితి. అంత పని చేశాక కూడా జంతువు చిన్నదిగా, ఒళ్లో పెట్టుకునేంత ముద్దుగా ఉంది. చెట్లు పెంచాను, కొండ పెట్టాను, పొగమంచు వేశాను. ఏదీ పని చేయలేదు.

అమ్మ కాఫీ తెచ్చి నా వెనక నిలబడింది.

"గుడి స్తంభం మీద ఉంటుందే, అదేనా నాన్నా?"

"అదేనమ్మా, యాళి."

"మరి కింద ఏనుగు ఏది?"

ఫోటోలు తీసి చూశాను. కొన్నింటిలో ఉంది. యాళి వెనక కాళ్ల కింద, పీటలాగా, ఏనుగు. నేను ఇన్ని రోజులూ పై భాగమే పెద్దది చేసి చూస్తూ దాన్ని కత్తిరించేశాను. విజయనగరం నాటి గుళ్లలో ఎన్నో చోట్ల ఇలాగే ఉంటుంది. యాళి ఎంతటిదో చెప్పడానికి శిల్పికి కొండా చెట్టూ అక్కరలేకపోయింది. అందరూ చూసిన జంతువుల్లోకెల్లా పెద్దదాన్ని దాని కాళ్ల కింద పెట్టాడు.

కొండను చెరిపేశాను. కాన్వాస్ కింది వైపు పెంచి, ముడుచుకుని కూర్చున్న ఏనుగును గీశాను. గీతలు పూర్తి కాకముందే యాళి ఇంటంత పెద్దదైంది. పంజా వేళ్లు ఏనుగు వీపులోకి దిగిన చోట చర్మం చుట్టూ ఉబ్బి, గోళ్ల మధ్య మడతలు పడాలి. ఆ మడతల్లో చీకటి నింపడానికే గంట పట్టింది. దాంతో పంజాకు బరువొచ్చింది.

అమ్మ మళ్లీ వచ్చి చూసింది. "పాపం, దాన్ని మరీ నలిపేయకు. అదీ దేవుడి గుళ్లోదే కదా" అంది. ఆ మాట నన్ను వదలలేదు. ఏనుగు తల కిందికి వేలాడేసి ఉన్నదాన్ని కొంచెం పైకెత్తాను. తొండం చుట్ట చుట్టి నుదుటి మీదికి తెచ్చాను. మోస్తోంది, ఓడిపోలేదు. కాళ్లు నేలలోకి దిగబడినట్టు మట్టిని కాస్త పైకి నెట్టాను.

దాని కన్ను ఇంకా వేయలేదు. పదకొండయింది, చెయ్యి వణుకుతోంది, ఇలాంటప్పుడు కన్ను ముట్టుకోకూడదు. విగ్రహానికి కళ్లు చివరనే తెరుస్తారు కదా, నువ్వు కన్ను పెట్టేటప్పుడు నన్ను పిలువు అని అమ్మ పడుకోబోతూ చెప్పి వెళ్లింది. రేపు ఆఫీసు నుంచి త్వరగా రావాలి.